పచ్చి కాదు, పాచిలా

కోరాపుట్‌లో బస్సులు ఆగే చోటికి వెనక వీధిలో సూర్యకాంతమ్మ కాఫీ హోటలు ఉండేది. ఆ హోటల్లో ఎర్రమ్మ పదకొండేళ్లు గ్లాసులు కడిగింది. ఇత్తడి గ్లాసులు పోయి గాజు గ్లాసులు వచ్చేదాకా కడిగింది. అన్నేళ్లలో ఒక్కనాడూ కాఫీ అడగలేదు. ఇస్తే తాగేది గాని, తాగాక మూతి తుడుచుకున్న తీరు చూసి సూర్యకాంతమ్మకి ఒళ్లు మండేది.

"ఏటే, మా కాపీకి వొచ్చిన దోసమేటి? బోరిగుమ్మ నించి సావుకార్లు దిగి తాగెల్తన్నారు. నీకు మాత్రం కసాయం తాగినట్టు మొకమేటి?"

"దోసమేటీ నేదమ్మగారూ. మంచిదే. నాను తాగింది ఇది కాదు, అంతే."

"అయితే ఏది తాగేవే మారాణీ? దొరసానితో కూకుని తాగేవా?"

"దొరసానికి దొరకనేదమ్మగారూ అది."

సూర్యకాంతమ్మ పకపకా నవ్వి, గిరాకీల దగ్గర ఈ మాటే పదిసార్లు చెప్పుకునేది. ఎర్రమ్మ ఆ నవ్వుకి కోపం తెచ్చుకునేది కాదు. నిజం చెప్పినప్పుడు నవ్వేవాళ్లని ఆమె చాలామందిని చూసింది.

ఆమె కొండెక్కింది ముప్పై ఏడులో. సరిగ్గా దానికి ముందు ఏడాదే ఒరిస్సా అని వేరే రాష్ట్రం కట్టి, కోరాపుట్‌ని జిల్లా చేశారు. గీత గీసినవాళ్లకి కొండ కింద సాలూరు ఒక పక్క, కొండ మీద పొట్టంగి ఇంకో పక్క అయ్యాయి గాని, కూలి కోసం ఘాటీ ఎక్కేవాళ్ల కాళ్లకి ఆ గీత తగల్లేదు. సాలూరు దగ్గరి పల్లె నించి మొగుడు కన్నయ్య వెనకాల, నెత్తిన గంప, గంపలో ఒక కుండ, రెండు చీరలు, ఇంత ఉప్పు పెట్టుకుని, పదహారేళ్ల ఎర్రమ్మ నాలుగు రోజులు నడిచింది. మచ్చకుండ్ ఏటి పక్కన ఒక దొర కాఫీ తోట కాపుకొచ్చిందని, ఆడకూలీ మగకూలీ ఇద్దరికీ పనుందని మేస్త్రి జగ్గారావు ఊరూరా చెప్పించాడు.

తోటలో మొదటిరోజే జగ్గారావు ఆడవాళ్లని వరసగా నిలబెట్టి చట్టం చదివాడు. ఎర్రబడ్డ పండే కొయ్యాలి. పచ్చిది ఒక్కటి బుట్టలో కనపడితే పూట కూలి పోతుంది.

"నీ పేరేటమ్మి?"

"ఎర్రమ్మండి."

"పేరు బాగుంది. నీ పేరు సూసుకుని కొయ్యి. నీ రంగుకొస్తేనే పండు. అర్తమయిందా?"

అందరూ నవ్వారు. ఎర్రమ్మా నవ్వింది. ఆ చట్టాన్ని మాత్రం తు చ తప్పకుండా పాటించింది.

తోటకి అడుగున, గెడ్డ వాగులోకి దిగే ఏటవాలు మీద నాలుగు మొక్కలు ఉండేవి. మిగతా మొక్కలన్నీ ఎర్రగా మెరుస్తుంటే ఇవి పసుపు రంగుకి తిరిగి ఊరుకున్నాయి. రేపు ఎర్రబడతాయి, ఎల్లుండి ఎర్రబడతాయి అని ఎర్రమ్మ మూడు వారాలు కాచుకుంది. అవి ఎర్రబడలేదు. పసుపు కొమ్ము రంగులో బరువెక్కి, ఒక్కొక్కటే రాలిపోవడం మొదలెట్టాయి.

ఒకనాడు ఆ మొక్కల కింద పరజ అనే కొండజాతి పిల్ల ఒకతె గొంతుకూర్చుని రాలిన పళ్లు చప్పరిస్తూ కనపడింది. ముక్కుకి మూడు పోగులు, నుదుటి మీద పచ్చబొట్టు చుక్కలు. ఏటి అవతలి ఊరిదట, అదే తోటలో గొప్పు తవ్వే పని. పేరు కుంతి.

"పాచిలా" అంది కుంతి, ఒక పండు ఎత్తి చూపించి.

"పచ్చివని నాకూ తెల్సులే. ఒగ్గీ. మేస్త్రి సూసేడంటే కూలి కోసీగలడు."

"పాచిలా, పాచిలా!"

"అదే కదే నానూ అంతన్నాను, పచ్చివేనని!"

కుంతి తలపట్టుకుంది. లేచి వచ్చి, పండుని రెండు వేళ్ల మధ్య నొక్కి, లోపలి గుజ్జుని ఎర్రమ్మ నోట్లోకి చిమ్మింది. ఎర్రమ్మ ఉమ్మబోయి ఆగిపోయింది. పనసతొనలా ఉంది.

ఎర్రమ్మకి తెలిసిందేమిటంటే, కుంతి మాటలో పాచిలా అంటే పండింది అని. మన నోట పచ్చి అంటే పండనిది. ఒకే మాటలా వినపడి, ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి పోతున్నాయి. ఆ రోజు గెడ్డ ఒడ్డున ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వుకున్నారు. ఇంత పిసరు తేడా మీద మనిషి బతుకు మునుగుతుందని అప్పుడెవరికి తెలుసు?

ఎర్రమ్మ పరిగెత్తుకెళ్లి జగ్గారావుకి చెప్పింది. వాళ్ల వైపు పసుపు రంగుని పచ్చ అనే అంటారు. "బాబూ, ఆ పచ్చరంగువి పళ్లేనండి. తియ్యగున్నాయి."

"ఎర్రబడంది పండు కాదు. దొరగారి బుక్కులో అలాగే ఉన్నాది. అవి కామెర్ల మొక్కలు. తీరికైనప్పుడు పీకించీస్తాను."

తీరిక కాలేదు. ఏటవాలు దిగడానికి మేస్త్రికి మోకాళ్లు నొప్పి. ఆ నాలుగు మొక్కలూ అలా బతికిపోయాయి. వాటి పళ్లు దొర లెక్కలోకి రావు కాబట్టి ఎవరివీ కావు, ఎవరివీ కావు కాబట్టి ఎర్రమ్మవీ కుంతివీ అయ్యాయి. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆ తోటలో కూలికి వచ్చిన ఏ ఆడదీ కాఫీ రుచి ఎరగదు. వేళ్లు పగిలేలా కోసిన ఎర్రపండు బస్తాల్లో ఘాటీ దిగి, రైలెక్కి, ఓడెక్కి ఎవరి గొంతులోకో పోయేది. కూలీలకి మిగిలింది ఆ వాసన, నడుం నొప్పి. తోట మొత్తానికి కోసినవాళ్లే తాగిన కాఫీ ఏదన్నా ఉందంటే, అది దొర బుక్కు రోగమని కొట్టేసిన ఆ నాలుగు మొక్కలదే.

పళ్లు ఎండబెట్టి, తొక్కు దంచి, గింజల్ని మంగలంలో వేయించేవారు. పగిలిన కుండ పెంకు అది, కుంతి ఇంటిదే. రోట్లో దంచి, కుండలో నీళ్లు తెర్లుతుంటే ఇంత పొడి, ఇంత బెల్లం. పాలు ఎక్కడివి! కన్నయ్య మొదటి గుక్క తాగి, "ఇదేటే, కాపీయా, కొత్తబెల్లం పాకమా?" అన్నాడు. ముందు చేదు తగలదు. తొనలు ఒలిచిన చెయ్యి వాసన చూసినట్టు ఒక తీపి. తర్వాత గానుగ దగ్గర నిలబడ్డట్టు వేడి వేడి బెల్లపు ఆవిరి. మింగేశాక, అయిపోయిందనుకుంటే, నాలిక వెనకాల నారింజ తొక్క గిల్లినట్టు చురుక్కుమంటుంది. దాని కోసమే రెండో గుక్క.

"పరజదాని చేతి కుండలో తాగుతన్నావటేటి? మీవోళ్లకి తెలిస్తే ఇంట్లోకి రానిస్తారా?" అని జగ్గారావు కన్నయ్యని నిలదీశాడు.

"మావోళ్లు ఇంట్లో వుంచుకుంటే ఇక్కడికెందుకొస్తాం మేస్త్రిగారూ" అన్నాడు కన్నయ్య.

రెండో ఏడు చైత్రంలో తొలివాన పడింది. వాన పడిన తొమ్మిదో నాటికి కాఫీ పూస్తుంది. కొమ్మ కొమ్మంతా తెల్లగా, మల్లెపూల దండ చుట్టినట్టు. రెండు రోజులుంటుంది, మూడో రోజుకి వడిలిపోతుంది. కుంతి ఊళ్లో చైతు పండగ ఆటలవుతున్నాయి. ఆ పండగలో నేస్తాలు కట్టుకునే ఆచారం ఉంది. ఇద్దరాడవాళ్లు ఒకరి సిగలో ఒకరు ఒక పువ్వు పెట్టుకుని, ఊరందరి ముందూ నేస్తం కట్టుకుంటే, ఆ రోజు నించి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఏ పువ్వు పెట్టుకున్నారో ఆ పువ్వే ఇద్దరికీ పేరు. పేరు పెట్టి పిలిస్తే ఆ నేస్తం తెగిపోయినట్టే.

కుంతి పచ్చపళ్ల మొక్క నించి ఒక రెబ్బ తుంచి ఎర్రమ్మ సిగలో పెట్టింది. ఎర్రమ్మ ఇంకో రెబ్బ ఆమెకి పెట్టింది. అప్పటి నించి ఇద్దరూ ఒకరికొకరు "కాపీఫుల్". ఫుల్ అంటే కుంతి మాటలో పువ్వు. ఏటికి ఈ ఒడ్డు నించి "ఓ కాపీఫుల్!" అని పిలిస్తే, ఆ ఒడ్డు నించి "ఏఁ కాపీఫుల్!" అని బదులు. నీళ్లకి వచ్చినవాళ్లు నవ్వేవారు, ఒకటే పేరు రెండు ఒడ్ల మధ్య బంతిలా ఎగురుతోందని.

యుద్ధం వచ్చాక దొర తోట వదిలేసి వెళ్లిపోయాడు. జగ్గారావు కిందికి దిగిపోయాడు. ఎర్రకాఫీ పొదలన్నీ అడవిలో కలిసిపోయాయి. నలభై అయిదులో కొండజ్వరం కన్నయ్యని తీసుకుపోయింది. ఎర్రమ్మ ఊరికి పోలేదు. ఎవరున్నారని? కుంతి తన ఇంటి వెనక గెడ్డ పక్క నేలలో పచ్చపళ్ల గింజలు నాటి, నాలుగు మొక్కల్ని ముప్పై చేసింది. ఎర్రమ్మ ఆ తోటకి నీళ్లు మోసింది. ఆ రోజుల్లో ఆమెకి ఇల్లంటూ ఏదన్నా ఉంటే ఆ ముప్పై మొక్కలే.

అప్పుడు ఏటికి ఆనకట్ట కడతారన్నారు. ఎక్కడో పట్నాల్లో దీపాలు వెలగాలట. వెలగొద్దని ఎవరన్నారు? ఎవరి పొయ్యి ఆర్పి ఎవరి దీపం వెలిగిస్తున్నారో ఒకసారి అడగాల్సింది. అడగలేదు. గొలుసులు పట్టుకుని కొలతగాళ్లు వచ్చారు. మునిగే తోటలు రాసుకుంటాం, రాసుకున్న తోటకి బదులు మెట్ట మీద అంత నేల ఇస్తాం, మొక్కల్ని లారీలో చేరుస్తాం అన్నారు.

కుంతి ఊళ్లో ఆడవాళ్లు టోపీలవాళ్ల ముందుకి రారు. అడవంచుకి పోయి నిలబడ్డారు. "నువ్వు సెప్పు కాపీఫుల్. నీకు ఆపీసు మాట వొచ్చు" అంది కుంతి. ఎర్రమ్మకి వచ్చిందల్లా సంతమాట. అయినా ముందుకి వెళ్లింది.

గుమాస్తా కటకం వైపు నించి కొత్తగా వచ్చిన కుర్రవాడు. చెమటలు కక్కుతున్నాడు. మొక్కల్ని చూపించి, "ఎ కొణొ గొఛొ?" అన్నాడు. ఇదేం చెట్టని.

"కాపీ బాబూ. పచ్చ కాపీ."

అతను తలెత్తాడు. శ్రావణమాసం, చెట్టున ఒక్క పండు లేదు. కింద మాత్రం పోయినేటి పళ్లు నల్లగా కుళ్లి మట్టిలో కలుస్తున్నాయి. అతను వాటిని చెప్పుతో తోసి, "పొచా?" అన్నాడు.

ఎర్రమ్మకి ప్రాణం లేచొచ్చింది. తన మాట అతనికి అర్థమైంది! "అవును బాబూ, పచ్చా, పచ్చా!" అని రెండుసార్లు తల ఊపింది.

అతను రాసుకున్నాడు. ఆ మాటకి వాళ్ల భాషలో కుళ్లిపోయింది అని అర్థం.

రెండు నెలల తర్వాత ఊరి మధ్య జాబితా చదివారు. చింతచెట్లు, పనసచెట్లు, మామిళ్లు వచ్చాయి. కుంతి ఇంటి వంతు వచ్చింది. కాఫీ మొక్కలు ముప్పై, పొచా, కొట్టివేయడమైనది. కుంతి వెనక్కి తిరిగి ఎర్రమ్మని చూసింది.

"అలా అన్నావా?"

"పచ్చ అన్నానే! పసుపు రంగని..."

"రెండుసార్లు తలూపేవట."

ఎర్రమ్మ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగిందో! ఫైలు మూసేశాం అన్నారు. తప్పు ఆ కుర్రవాడి చెవిది అనుకుని మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకోవచ్చు. కాని చెవిది కాదు తప్పు. ఒక తోటని ఒక మాటలో రాసి మూసేసే కలానిది. ఎండిన గింజ ఒక్కటి వేయించి చూపించమని అడిగితే పోయేది.

కుంతికి నేల రాలేదు. ఆమె మొగుడి చుట్టాలున్న కొండకి పోతామన్నారు. లారీ మిగతావాళ్ల పనస మొక్కలతో నిండింది. కుంతి నెత్తిన అంబలికుండ పెట్టుకుని నడక సాగించింది. ఎర్రమ్మ వెనకాల ఏటిదాకా వెళ్లి, "ఓ కాపీఫుల్!" అని పిలిచింది.

కుంతి ఆగింది. తిరక్కుండానే అంది. "ఎల్లిపో ఎర్రమ్మా."

పన్నెండేళ్లలో మొదటిసారి ఆమె నోట ఆ పేరు.

నీళ్లు వచ్చి తోట మునిగింది. ఎర్రమ్మ కొంగున కట్టుకున్న పిడికెడు గింజల్ని, కోరాపుట్‌ చేరి తను పనికి కుదిరిన హోటలు పెరట్లో నాటింది. మొలవలేదు. అన్ని నెలలు ఎండిన కాఫీ గింజలో ప్రాణం ఉండదని ఆమెకెవరు చెప్పారు? కోయడమే నేర్పారు గాని, నాటడం ఎవరూ నేర్పలేదు. ఆ తర్వాత మట్టి కోత ఆపడానికని ఆ చుట్టుపక్కల కొండల మీద సర్కారే కాఫీ మొక్కలు వేయించింది. ఎర్రమ్మ సెలవు పెట్టి చూసొచ్చింది. అన్నీ ఎర్రవే. ఎవరన్నా కొండమనిషి సంతకి వస్తే అడిగేది, ఏటి ఒడ్డు నించి వెళ్లినవాళ్లు ఎక్కడున్నారని. "పేరేంటి?" అని వాళ్లు. పేరు చెప్పదు. కుంతి తెంపుకుందేమో గాని ఎర్రమ్మ తెంపుకోలేదు. పేరు పలక్కుండా మనిషిని వెతకడం ఎంత కష్టమో వెతికినవాళ్లకే తెలుసు.

అరవై ఒకటి పుష్యమాసంలో సూర్యకాంతమ్మ ఆదివారం సంతలో చవగ్గా వచ్చాయని ఒక సంచి కాఫీ గింజలు తెచ్చింది. తొక్కుతో ఎండినవి. విప్పి చూసి తిట్లు లంకించుకుంది.

"దొంగముండాకొడుకు! సూడే, ఎంత తెల్లగా వున్నాయో. పచ్చివి కోసి ఎండబెట్టీసేడు. ఎర్రపండైతే నల్లగా ఎండదేటి?"

ఎర్రమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. సంచిలో చెయ్యి పెట్టింది. తేనెరంగు తొక్కు. ముక్కు దగ్గర పెట్టుకుంటే, అన్నేళ్ల అంట్ల సబ్బు వాసనని తోసుకుని, పనసతొన.

"పచ్చివి కావమ్మగారూ" అంది. "పాచిలా."

"ఏటంతన్నావే?"

"అమ్మినోడు ఏ ఊరోడండి?"

నారాయణపట్న మీదుగా ఎగువకి పోతే, బస్సు దిగి ఒక పూట నడక. ఊరు చేరాక ఎర్రమ్మ ఎవర్నీ పేరడగలేదు. "పచ్చ..." అనబోయి నాలిక కరుచుకుని, దారి పక్క తంగేడు పువ్వు తుంచి చూపించి, "ఈ రంగు కాపీ పండే ఇల్లు" అంది. చూపించారు.

కుంతి వాకిట్లో చాప మీద పళ్లు ఎండకి పరిచి నెరుపుతోంది. జుట్టు తెల్లబడింది. ముక్కుకి ఒక పోగే మిగిలింది. తలెత్తి చూసింది, లేవలేదు. చాప ఒక అంచు నించి పళ్లు పక్కకి తోసి చోటు చేసింది. ఎర్రమ్మ కూర్చుంది. ఇద్దరూ కాసేపు పళ్లు నెరిపారు. పెరట్లో తొమ్మిది మొక్కలు, కొమ్మలు వంగేలా పసుపు.

కుంతి లేచి పొయ్యి మీద మంగలం పెట్టింది.

మొదటి గుక్కకి ఎర్రమ్మ కళ్లు మూసుకుంది. అదే. తీపి, బెల్లపు ఆవిరి, చివర నారింజ చురుకు. పదేళ్లకి పైగా నోటితో వెతికింది నోట్లోకి వచ్చింది. వచ్చాక గాని తెలియలేదు, ఆమె వెతికింది ఇదొక్కటే కాదని.

"ఆరోజు పచ్చ అన్నాను" అంది. "ఆ బాబు పొచా అన్నాడు. నా మాటే అంతన్నాడనుకున్నాను. నీ తోట నా నోటితో ముంచీసేను."

"తెలుసు" అంది కుంతి. "అప్పుడే తెలుసు. నాకు నీ పచ్చా తెలుసు, వాళ్ల పొచా తెలుసు కదా."

"తెలిసీ మరి పేరెట్టి పిలిచేవే!"

కుంతి పొయ్యిలో పుల్ల సర్దింది. తెలుగూ, తన దేశియా మాటా కలిపి, వెతుక్కుంటూ చెప్పింది. "తోట మునిగిపోతోంది. పువ్వు మునిగిపోతోంది. మునిగిపోయే పువ్వు పేరుతో ఎలా పిలవను? మొక్కలు తెచ్చేను. అంబలికుండలో బురద వేసి పన్నెండు. బతుకుతాయని అప్పుడు తెలీదు."

ఎర్రమ్మకి ఆ కుండ గుర్తొచ్చింది. దాని వెనకాలే ఏటిదాకా నడిచింది తను.

కుంతి ఒక పండు ఏరి ఎర్రమ్మ అరచేతిలో పెట్టింది. మొకం గంభీరంగా పెట్టుకుని, జగ్గారావు గొంతు తెచ్చుకుని అంది. "ఓలమ్మి, పచ్చిది! కూలి కోసీగలను!"

ఎర్రమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపు వచ్చి చేరింది. ఆ రెండూ అయ్యాక అడిగింది. "మరి ఇప్పుడు పిలువు. ఒక్కసారి."

కుంతి తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు పండుంది. పువ్వు లేదు. పువ్వు లేకుండా ఏ పేరు పిలుస్తాను? చైతులో రా."

సాయంత్రం బస్సు అందుకోవడానికి ఎర్రమ్మ దిగి వచ్చేసింది. వెనక నించి ఏదన్నా పిలుపు వినపడుతుందేమోనని మలుపు దాకా నెమ్మదిగా నడిచింది. వినపడలేదు. వినపడదని తెలుసు. కుంతి మాటంటే మాటే.

మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. హోటల్లో గ్లాసులు కడుగుతూ ఎర్రమ్మ రోజుకి పదిసార్లు పెరట్లోకి వచ్చి కొండల వైపు చూసేది. మబ్బు పట్టేది, విడిపోయేది. "ఆకాశంలో ఏటే, మొగుడున్నాడేటి?" అనేది సూర్యకాంతమ్మ. చైత్రం మొదలైన వారానికి, మిట్టమధ్యాహ్నం, రేకుల మీద గులకరాళ్లు విసిరినట్టు తొలివాన పడింది. మట్టి వాసన వంటింట్లోకి వచ్చింది.

ఎర్రమ్మ చేతులు తుడుచుకుంది. వేళ్లు మడిచి తొమ్మిది దాకా లెక్కపెట్టింది.

"ఇగో అమ్మగారూ, ఎనిమిదో నాడు నాను పన్లోకి రాను. కొండకెల్తాను."

"మల్లీనా? ఏటుందే అక్కడ నీకు?"

"పేరొకటి వుండిపోనాదండి" అంది ఎర్రమ్మ. మళ్లీ గ్లాసుల ముందు కూర్చుంది.